పాదం నొప్పి: చోటు పట్టుకోవడం, ఇంట్లో చూసుకోవడం, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోవడం

"మడమ నొప్పికి ఏ ఆయింట్‌మెంట్ రాసుకోమంటారు?" నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. మడమలో ఎక్కడ అని తిరిగి అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. రోజులో ఎప్పుడు ఎక్కువగా ఉంటుందంటే ఇంకాసేపు. ఈ రెండింటికీ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఆయింట్‌మెంట్ సంగతి ఆ తర్వాత.

మన మాటల్లో ఇంకో చిక్కుంది. తొడ నుంచి గోటి దాకా అంతా మనకు 'కాలే'. కండను ఎముకకు కట్టిపడేసే టెండన్, రక్తం పారే నాళం, స్పర్శ తెలిపే నాడి, మూడూ మనకు 'నరమే'. "కాలి నరం లాగేస్తోంది" అంటే వినేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకే ఇక్కడ చోట్ల పేర్లు విడివిడిగా వాడతాను: మడమ, అరికాలు, అరికాలి గుంట, మీగాలు అంటే పాదం పైభాగం, వేళ్ల మొదళ్లు, చీలమండ, పిక్క.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇంట్లో చేసుకోగలిగినవి చెబుతాను, ఎక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కూడా చెబుతాను. అందరూ 1, 2 చదవండి. తర్వాత మీ నొప్పి ఉన్న చోటికి వెళ్లండి. షుగర్ ఉన్నవారు మాత్రం 1 చదివి నేరుగా 8కి వెళ్లి, తర్వాత వెనక్కి రండి.

1. ముందు ఇవి లేవని తేల్చుకోండి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

☐ దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నారు, లేదా పాదం వంకర తిరిగినట్టు కనిపిస్తోంది.
☐ ఉన్నట్టుండి పాదం చల్లబడి, పాలిపోయి లేదా నీలంగా మారి, భరించలేని నొప్పి వస్తోంది. రక్తం అందడం లేదేమో అని అనుమానించాలి. గంటల్లో తేల్చాల్సిన విషయం ఇది, రేపటికి వాయిదా వేయకండి.
☐ ఎరుపు, వేడి, వాపు పైకి పాకుతున్నాయి. చలిజ్వరం కూడా ఉంది.
☐ కీలు ఒకటి ఎర్రగా ఉబ్బి, జ్వరంతో పాటు కదపలేనంత నొప్పి ఉంది.
☐ ఒక్క పిక్కే వాచి, గట్టిపడి, నొక్కితే నొప్పి. ముఖ్యంగా సుదీర్ఘ విమాన ప్రయాణం, ఆపరేషన్, ప్రసవం తర్వాత. దీనికి ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే 108కి ఫోన్ చేయండి. పిక్కలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు.
☐ మడమ పైన 'టప్'మని చప్పుడైనట్టు, వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతున్నారు.
☐ షుగర్ ఉండి పాదం మీద పుండు, బొబ్బ, నల్లబడిన చోటు, లేదా నొప్పి లేకపోయినా వేడిగా వాచిన పాదం.
☐ రెండు కాళ్లూ బలహీనపడి, మూత్రం పట్టు తప్పింది లేదా రావడం లేదు. ఇది నడుము దగ్గరి సమస్య, కానీ కాళ్లలో కనిపిస్తుంది.

ఎరుపు పాకుతోందో లేదో తెలియకపోతే దాని అంచు వెంబడి బాల్ పెన్నుతో గీత గీసి, టైమ్ రాసుకోండి. మూడు నాలుగు గంటల్లో ఎరుపు గీత దాటితే ఇక ఆలోచించేది లేదు, ఆసుపత్రికి వెళ్లడమే. అనుమానం వచ్చి గీత గీశారంటే, దాటినా దాటకపోయినా మర్నాడు డాక్టర్‌కు ఒకసారి చూపించడమే మంచిది.

మేకు, ముల్లు, గాజుపెంకు లోతుగా దిగితే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. చెప్పు అడుగు చీల్చుకుని లోపలికి దిగిన మేకు తనతో పాటు మట్టిని, రబ్బరు ముక్కల్ని కూడా తీసుకెళ్తుంది. పైన చిన్న చిల్లే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

2. నొప్పికి చిరునామా రాయండి

పది నిమిషాల పని. వెలుతురున్న చోట కూర్చుని ఒక అద్దం, బాల్ పెన్ను, రోజూ వేసుకునే చెప్పులు దగ్గర పెట్టుకోండి.

మొదట, అరచేత్తో కాదు, ఒక్క వేలితో నొప్పి చోటు చూపించండి. ఒక్క వేలికి దొరికే నొప్పి సాధారణంగా ఎముకది, టెండన్‌ది లేదా చర్మానిది. "ఇక్కడ కాదు, పాదమంతా" అనిపిస్తే నాడులు, రక్తప్రసరణ వైపు ఆలోచించాలి. దొరికిన చోట పెన్నుతో చుక్క పెట్టి ఫోటో తీసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి నొప్పి తగ్గిపోయి, ఎక్కడుందో చూపించలేక తడబడేవాళ్లను రోజూ చూస్తుంటాను.

రెండోది, సమయం. పొద్దున మొదటి అడుగుకా? నడిచే కొద్దీ పెరుగుతోందా, తగ్గుతోందా? రాత్రి నిద్రలో లేపుతోందా?

మూడోది, నొప్పి స్వభావం. ఈ విషయంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. పోటు, సలపరం, మంట, తిమ్మిరి, గుంజుడు, సూదులు గుచ్చినట్టు: ప్రతి మాటా ఒక్కో దారి చూపిస్తుంది. మంట, తిమ్మిరి, సూదులు అంటే ఎక్కువగా నాడులు. పల్స్ కొట్టుకున్నట్టు సలుపుతుంటే వాపు లేదా చీము. డాక్టర్‌కు 'పెయిన్' అని ఒక్క ముక్కలో చెప్పకుండా ఈ మాటలతోనే చెప్పండి.

నాలుగోది, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి పోల్చండి. వాపు, రంగు, వేడి తేడా ఉందా? చేతి వెనక భాగంతో తాకితే వేడి బాగా తెలుస్తుంది.

ఐదోది, చెప్పులు తిప్పి చూడండి. ఒక వైపే అరిగాయంటే మీ బరువు ఎటు పడుతోందో తెలుస్తుంది.

3. మడమ కింద నొప్పి

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. ఇరవై ముప్ఫై అడుగులు వేశాక సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. నొక్కి చూస్తే మడమ కింద, లోపలి అంచు వైపు ఒక చోట ప్రాణం పోతుంది. ఇది ప్లాంటార్ ఫేసియైటిస్. మడమ నొప్పుల్లో అన్నింటికంటే ఎక్కువ కనిపించేది ఇదే.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. భారం ఎక్కువై అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకుని ఉన్న పట్టీ మీద పొద్దున్నే ఒంటి బరువంతా పడితే ఒక్కసారిగా లాగుతుంది. నలభై దాటినవారు, బరువు పెరిగినవారు, బట్టల షాపుల్లో, క్లాసు రూముల్లో రోజంతా నిలబడేవారు, వంటింట్లో టైల్స్ మీద ఉత్త కాళ్లతో గంటలు గంటలు నిలబడే ఆడవాళ్లు దీనికి ఎక్కువగా గురవుతారు. ఇల్లు మారి గ్రానైట్ ఫ్లోరింగ్‌లోకి వచ్చాకే మొదలైందని చెప్పేవాళ్లు తక్కువేం కాదు.

'ఎముక పెరిగింది' అన్న భయం గురించి ఒక మాట. ఎక్స్‌రేలో మడమ కింద కొక్కెంలా కనిపించే ముక్క, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ చాలామందికి ఉంటుంది. అదే గుచ్చుకుంటోందని అనుకోకండి. దాన్ని కోసి తీయించుకోవాల్సిన అవసరం దాదాపు ఎవరికీ రాదు.

చేయాల్సినవి, ఈ వరుసలో:

*మంచం దిగకముందు.* కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. ఒక చేత్తో కాలివేళ్లన్నీ కలిపి పట్టుకుని మీగాలి వైపు వెనక్కి వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి గుంట తడిమితే బిగించిన తాడులా తగలాలి. తగలకపోతే ఇంకాస్త వంచండి. పది లెక్కపెట్టి వదిలేయండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొద్దున పూటది మాత్రం మొదటి అడుగుకు ముందే జరగాలి. లేచి, బ్రష్ చేసుకుని, కాఫీ తాగి చేస్తే అసలు ఉపయోగం పోతుంది.

*మంచం పక్కనే మెత్తటి చెప్పులు.* ఇంట్లో కూడా వేసుకోవాలి. పూజగదికి, వంటింటికి వేరే జత పెట్టుకుంటే పెద్దవాళ్ల అభ్యంతరం కూడా ఉండదు.

*పిక్క సాగదీయడం.* గోడకు రెండు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేల వదలకుండా ముందుకు వంగండి. 30 సెకన్లు, మూడుసార్లు. తర్వాత వెనక మోకాలు కొంచెం మడిచి ఇంకో మూడుసార్లు. ఇది ఎగ్గొట్టి అరికాలికే వ్యాయామం చేసేవాళ్లు ఎక్కువ. పిక్క బిగుసుకుపోయి ఉన్నంతకాలం మడమ తేరుకోదు.

*సాయంత్రం బాటిల్.* అర లీటరు నీళ్ల బాటిల్ ఫ్రీజర్లో గడ్డకట్టించి, పల్చటి గుడ్డ చుట్టి, దాని మీద అరికాలు ముందుకూ వెనక్కూ దొర్లించండి. పది నిమిషాలు చాలు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారు ఇది చేయకూడదు.

*రెండు వారాల తర్వాత మెట్టు మీద.* టవల్ చుట్టి మెట్టు అంచున పెట్టి, దాని మీద కాలివేళ్లు, మెట్టు మీద పాదం ముందు భాగం ఉండేలా నిలబడండి. రెయిలింగ్ పట్టుకుని మూడు లెక్కపెడుతూ మడమ పైకి లేపి, రెండు లెక్కలు ఆపి, మూడు లెక్కల్లో దించండి. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒక్క కాలితో. 12 సార్లు, రోజు విడిచి రోజు.

ఎన్నాళ్లు? ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు వదలకుండా చేశాకే ఫలితం లెక్కవేయండి. పూర్తిగా పోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది కూడా. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

పొరపాట్లు, దిద్దుబాట్లు:

వారం చేసి, నొప్పి సగం తగ్గగానే ఆపేయడం. నొప్పి పోయాక కూడా నెల రోజులు కొనసాగించండి.

సిలికాన్ మడమ ప్యాడ్ నొప్పి ఉన్న కాలికే పెట్టడం. రెండు కాళ్ల ఎత్తు మారి నడుము పట్టేస్తుంది. రెండింటికీ పెట్టండి.

కాల్చిన ఇటుక మీద జిల్లేడు ఆకులు వేసి మడమ పెట్టడం. మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే చిట్కా ఇది. వేడికి కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ జిల్లేడు పాలు చర్మాన్ని దెబ్బతీస్తాయి, ఇటుక వేడి ఎంతో చేతికి అందదు. కాలిన మడమలు చూశాను కాబట్టి వద్దంటున్నాను. షుగర్ ఉన్నవారైతే దాని దగ్గరికే వెళ్లకండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మళ్లీ మళ్లీ వేయించుకోవడం. ఒకటి వేస్తే కొన్ని వారాలు ఉపశమనం దొరకొచ్చు. పదే పదే వేస్తే మడమ కింది మెత్తటి కొవ్వు పొర పల్చబడొచ్చు, పట్టీ తెగొచ్చు.

ఈ లక్షణాలుంటే మాత్రం ఇది వేరే సమస్య కావొచ్చు: మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే నొప్పి వస్తే ఎముకలో సన్నటి పగులు; సరిగ్గా మడమ మధ్యలో, గట్టి నేల మీద నిలబడితేనే నొప్పి అయితే కొవ్వు పొర అరుగుదల; వయసు నలభై లోపు ఉండి, పొద్దున్నే నడుము అరగంటకు పైగా పట్టేస్తూ, రెండు మడమలూ నొప్పిగా ఉంటే వెన్నెముక వాతం. మూడోదానికి రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం చూసే డాక్టర్‌ను కలవాలి. ఇది ఏళ్ల తరబడి 'మామూలు మడమ నొప్పి'గా గడిచిపోయే జబ్బు.

4. మడమ వెనక

పిక్క కండను మడమకు కలిపే లావుపాటి టెండన్ వాచి, నొక్కితే నొప్పి పెడుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో, హఠాత్తుగా మెట్లెక్కడం పెంచినవారిలో ఎక్కువ. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఏడాదంతా లిఫ్ట్ ఎక్కి ఒక్కరోజు అన్ని మెట్లు ఎక్కితే మర్నాడు పిక్కలూ మడమలూ మొరాయించక ఏం చేస్తాయి? రెండు మూడు వారాల ముందు నుంచి ఇంటి మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోండి.

నేల మీద నిలబడి మడమలు నెమ్మదిగా ఎత్తి దించే వ్యాయామం దీనికి మందు. కొంచెం మడమ ఎత్తున్న చెప్పులు కొద్దిరోజులు వేసుకోండి. మసాజ్ పేరుతో టెండన్‌ను గట్టిగా పిసికించుకోవద్దు.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు ఇక్కడ నొప్పి మొదలైతే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఆ మందులతో టెండన్ తెగే ప్రమాదం ఉంది. అరవై దాటినవారిలో, స్టెరాయిడ్లు కూడా వాడేవారిలో మరీ ఎక్కువ.

5. బొటనవేలు, వేళ్ల మొదళ్లు

*రాత్రికి రాత్రే బొటనవేలి మొదలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే* గౌట్ అయ్యే అవకాశం ఎక్కువ. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరి మంట పుట్టిస్తాయి. కాలు ఎత్తులో పెట్టుకుని, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, ఒక రోజులోపు డాక్టర్‌ను కలవండి. మందు ఎంత త్వరగా మొదలైతే అంత త్వరగా తగ్గుతుంది. నొప్పి ఉన్నప్పుడు చేసిన పరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగా రావొచ్చు. అది చూసి గౌట్ కాదనుకోకండి. తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించాలి. అలోప్యూరినాల్ లాంటి మందు ఇప్పటికే వాడుతుంటే నొప్పి వచ్చిందని మానేయవద్దు.

తిండి విషయంలో మనవాళ్లు ముందుగా పప్పు, పాలకూర, టమాటా మానిపిస్తారు. అసలు చూడాల్సినవి మద్యం, అందులోనూ బీరు, మటన్ లివర్, బోటీ, కొన్ని సముద్రపు చేపలు, తీపి కూల్‌డ్రింకులు. పప్పన్నం తింటూ బీరు మానేసినవాడికే ఎక్కువ లాభం.

*మూడు, నాలుగు వేళ్ల మధ్య చెప్పులో రాయి ఇరుక్కున్నట్టు* ఉండి, వేళ్లలోకి కరెంటు కొట్టినట్టయితే అక్కడి నాడి ఒత్తుకుపోతోంది. ముందు వెడల్పున్న షూలకు మారండి. కొందరికి అదే చాలు.

*రెండు పాదాల వేళ్ల మొదళ్లూ పొద్దున గంటసేపు బిగుసుకుపోయి ఉండి*, అడ్డంగా పట్టి నొక్కితే నొప్పి వస్తే కీళ్లవాతం పరీక్షలు చేయించుకోవాలి. చికున్‌గున్యా జ్వరం వచ్చి తగ్గాక కూడా చీలమండలు, పాదాలు నెలల తరబడి ఇలాగే ఉండొచ్చు. ఆ జ్వరం ఎప్పుడు వచ్చిందో డాక్టర్‌కు గుర్తుపెట్టుకుని చెప్పండి.

*ఆనెకాయా, పులిపిరా?* నేరుగా నొక్కితే నొప్పి ఆనెకాయ. రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే నొప్పి, గీరితే నల్లటి చుక్కలు కనిపిస్తే పులిపిరి. ఆనెను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ప్యూమిస్ రాయితో కొద్దికొద్దిగా అరగదీయాలి. బ్లేడుతో కోయడం మానండి. ఒత్తే చెప్పు మార్చకుండా ఆనెను ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తుంది.

*గోరు కండలోకి దిగితే* తప్పు గోరు తీసే పద్ధతిలోనే ఉంటుంది. మూలలు గుండ్రంగా లోపలికి కోయకుండా అడ్డంగా, తిన్నగా తీయండి. చీము పడితే డాక్టర్ పని.

6. మీగాలు: కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే గ్రౌండ్లు నిండుతాయి. 1,600 మీటర్ల పరుగు కోసం అప్పటిదాకా చదువుతూ కూర్చున్న కుర్రాళ్లు మొదటి వారమే పొద్దునా సాయంత్రం పరిగెడతారు, అదీ తారు రోడ్డు మీద, అరిగిపోయిన షూలతో. మూడో నాలుగో వారానికి మీగాలిపై ఒక చోట నొప్పి మొదలవుతుంది. పరిగెడితే పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. తర్వాత నడిచినా నొప్పే.

వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట నొప్పి ఉంటే పరుగు ఆ రోజే ఆపండి. ఇది ఎముకలో సన్నటి పగులు కావొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే నార్మల్" అనగానే మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లినవాళ్లే పూర్తిగా విరగ్గొట్టుకుంటారు. నొప్పి అలాగే ఉంటే మళ్లీ ఎక్స్‌రే గానీ ఎమ్మారై గానీ చేయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి బాధాకరమే, కానీ ఈవెంట్స్ రోజు కుంటడం అంతకంటే బాధ.

7. చీలమండ మడతపడితే

ఎక్స్‌రే కావాలా వద్దా అన్నది ఇలా తేల్చుకోవచ్చు.

☐ దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోతున్నారా?
☐ చీలమండ ఎముకల వెనక అంచున, కింది కొసన నొక్కితే నొప్పా?
☐ చిటికెనవేలి వైపు, పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చిన ఎముకపై నొప్పా?
☐ పాదం లోపలి అంచున, చీలమండకు ముందున్న ఎముకపై నొప్పా?

ఒక్కదానికి అవునన్నా ఎక్స్‌రే తీయించండి. పుత్తూరు కట్టుకు వెళ్లాలా, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికా అని ఇంట్లో వాదన మొదలయ్యేలోపే ఆ పని కానివ్వాలి. ఏం విరిగిందో తెలియకుండా కట్టు ఎక్కడ కట్టించుకున్నా ఇబ్బందే.

అన్నింటికీ కాదన్నది జవాబైతే బెణుకే. మొదటి రెండు రోజులు ఎలాస్టిక్ బ్యాండేజీ, కాలు గుండె కంటే ఎత్తులో, రెండు మూడు గంటలకోసారి 10 నుంచి 15 నిమిషాలు ఐస్. వేడి కాపడం, నూనె మర్దన, 'నరం సరిచేయించడం' అప్పుడే వద్దు, వాపు పెరుగుతుంది. బ్యాండేజీ కట్టాక వేళ్లు నీలంగా లేదా తిమ్మిరిగా మారితే వెంటనే వదులు చేయండి.

మూడో రోజు నుంచి గాల్లో పాదంతో అ, ఆ, ఇ, ఈ రాయండి. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం సాధన చేయండి. ఇది వదిలేసినవాళ్లకే అదే చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతుంది.

8. షుగర్ ఉన్నవారి పాదం

మా పెద్దనాన్న ఒకరోజు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని హాల్లో కూర్చున్నారు. నేల మీద గుమ్మం నుంచి కుర్చీ దాకా రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చలు, అడుగుకొకటి. "ఎవరికి దెబ్బ తగిలిందో చూడండే" అని ఆయనే మమ్మల్ని కేకేశారు. చెప్పు తిప్పి చూస్తే తుమ్మముల్లు అడుగు నుంచి లోపలికి వేలెడు పొడుచుకొచ్చి ఉంది. దాని మీదే ఎంత దూరం నడిచొచ్చారో తెలియదు. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్.

మిగతావాళ్లకు నొప్పి సమస్య. షుగర్ ఉన్నవారికి నొప్పి తెలియకపోవడం అసలు సమస్య. మంటలు, తిమ్మిర్లు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం నాడులు దెబ్బతింటున్న గుర్తులు. "ఈ మధ్య మంటలు తగ్గాయి" అంటే బాగుపడిందని ఖాయంగా చెప్పలేం, స్పర్శే పోయి ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గి కూడా మంటలు వస్తాయి. ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

రోజూ రాత్రి పడుకునే ముందు మూడు నిమిషాలు:

☐ అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనవడినో మనవరాలినో చూడమనండి.
☐ వేళ్ల మధ్య నాని తెల్లబడిందా, చీలిందా?
☐ చేతి వెనక భాగంతో తాకి రెండు పాదాల వేడి పోల్చాలి.
☐ మడమ పగుళ్లకు వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ. వేళ్ల మధ్య మాత్రం రాయకూడదు, అక్కడ పొడిగా ఉండాలి.
☐ పొద్దున చెప్పులు, షూలు దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమాకే వేసుకోవాలి.

చేయకూడనివి: వేడి నీళ్లలో కాళ్లు పెట్టడం (నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, పాదంతో కాదు), కార్న్ క్యాప్ (ఆనె మీద వేసే మందు పట్టీ) అంటించడం, ఆనెలు సొంతంగా కోసుకోవడం, ఇంట్లో అయినా ఉత్త కాళ్లతో తిరగడం.

గుడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం బండపరుపు మీద ప్రదక్షిణలు చేసి, ఇంటికొచ్చాక అరికాళ్లంతా బొబ్బలు చూసుకున్నవారు ఉన్నారు. కాలుతున్నట్టు వాళ్లకు తెలియదు. పొద్దున్నే వెళ్లండి, అనుమతి ఉన్నచోట మందపాటి సాక్సులు వేసుకోండి. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఉత్త కాళ్లతో ఉండాలనుకునేవారు ముందు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకుని, తేడా ఉంటే గురుస్వామితో మాట్లాడండి. ఆరోగ్యం బాగాలేనివారి విషయంలో పట్టుబట్టే గురుస్వాములు తక్కువ.

ఏడాదికి ఒకసారైనా డాక్టర్ సన్నటి నైలాన్ దారంతో అరికాలి స్పర్శ, వేళ్లతో పాదంలో పల్స్ చూడాలి. చూడకపోతే మీరే చెప్పులు విప్పి అడగండి.

నొప్పి లేకుండా ఒక పాదం ఎర్రగా, వేడిగా, వాచి ఉంటే దాని మీద బరువు మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. లోపల ఎముకలు చితికిపోతూ ఉండొచ్చు. ఆలస్యమైతే పాదం ఆకారమే మారిపోతుంది.

9. బీడీ, సిగరెట్ తాగేవారికి

కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ అంతే దూరానికి పట్టేస్తుంటే రక్తనాళాలు మూసుకుపోతున్నాయని అనుమానించండి. రాత్రి పాదం నొప్పికి కాలు మంచం కిందికి వేలాడదీస్తే హాయిగా ఉండటం ఇంకా ముదిరిన దశ. మన దగ్గర ముప్ఫై, నలభై ఏళ్లకే వేళ్లు నల్లబడి వచ్చే బీడీ అలవాటున్నవారు కనిపిస్తారు. దీనికి వాస్క్యులర్ సర్జన్‌ను, అంటే రక్తనాళాల డాక్టర్‌ను కలవాలి. పొగ పూర్తిగా మానకపోతే ఏ మందూ పనిచేయదు. రోజుకు రెండుకు తగ్గించాను అంటే చాలదు.

10. చెప్పులు కొనేటప్పుడు

సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడి చూసుకోండి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మధ్యలో బట్టలా మడతపడేది వద్దు, వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి. వెనక పట్టీ ఉంటే మంచిది.

డాక్టర్ ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు రాస్తే కొందరు మొహమాటపడతారు, అవి 'రోగిష్టి చెప్పులు' అని. ఇప్పుడు మామూలు చెప్పుల్లాగే కనిపించే మోడల్స్ దొరుకుతున్నాయి. స్పర్శ తగ్గిన పాదానికి వేళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే హవాయి చెప్పులు పనికిరావు.

11. నొప్పి మాత్రలు

పారాసిటమాల్‌తో మొదలుపెట్టడం చాలామందికి క్షేమం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ జబ్బు, బీపీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. మెడికల్ షాపులో కాగితంలో చుట్టి ఇచ్చే పేరులేని రంగురంగుల బిళ్లల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. వేసుకోగానే నొప్పి మాయమవుతుంది, నెమ్మదిగా షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది. స్ట్రిప్ మీద పేరు చదవలేని బిళ్ల ఏదీ మింగకండి.

12. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

ఎమర్జెన్సీ కాకపోయినా, రెండు మూడు వారాలు ఇంట్లో చూసుకున్నా ఏమాత్రం తగ్గకపోతే, రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే, తిమ్మిరి పైకి పాకుతుంటే, నడక మారిపోతే వెళ్లాలి. ఎముక, కీలు, టెండన్ అయితే ఆర్థోపెడిక్. రెండు పాదాల్లో మంటలు, తిమ్మిర్లయితే ముందు జనరల్ ఫిజీషియన్. ఎవరో తేలకపోయినా ఫిజీషియన్ దగ్గరికే వెళ్లండి. ముప్ఫై దాటి ఇంతవరకు షుగర్ చూపించుకోనివారు దగ్గర్లోని పీహెచ్‌సీలో ఉచితంగా చూపించుకోవచ్చు.

వెంట ఉండాల్సినవి:

☐ చుక్క పెట్టిన ఫోటో, వాపు ఎక్కువున్నప్పుడు తీసిన ఫోటో.
☐ ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం వాడారు: మూడు లైన్లు చాలు.
☐ బీపీ, షుగర్ మందులతో సహా వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్‌లతో.
☐ పాత ఎక్స్‌రే ఉంటే ఫిల్మ్ కూడా. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.
☐ మోకాలి దాకా తేలిగ్గా ఎత్తగలిగే బట్టలు.
☐ రోజూ వేసుకునే అరిగిన చెప్పులు. డాక్టర్ దగ్గరికి కదా అని కొత్తవి వేసుకుని వెళ్లకండి.